ఆమె బల్ల దగ్గర నలభై రోజులు

రక్షణ శాఖలో ఇంటెలిజెన్స్ ఎనలిస్టులుగా ఆమే నేనూ ఒకే రోజు చేరాం. అంతకుముందు ప్రొద్దుటూరు కాలేజీ హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. మాది జమ్మలమడుగు, నాన్న మిషన్ బడిలో టీచరు. ఆమెది తొండూరు పక్కన పల్లె, గొర్రెల మీద బతికే ఇల్లు. ఇంగ్లిషు నాకు బాగా వచ్చు, ఆమెకు అంతంత మాత్రం. అందుకే ఢిల్లీ రైలెక్కేటప్పుడు వాళ్ల అన్న ఆమెను నాకు అప్పగించాడు. ఆ పెద్దరికం నాకు నచ్చింది.

విమానాల నుంచి తీసిన ఫోటోలు చదవడం మా పని. పైనుంచి ఏ వస్తువు ఎంత పరిమాణంలో కనిపిస్తుందో చెప్పే కొలతల పుస్తకం నేను కంఠతా పట్టాను. ఆమె దాన్ని తెరిచేదే కాదు. రెండో వారంలో మా అధికారి ఒక మెట్ట ప్రాంతం ఫోటో ఇచ్చి, అందులో వరసగా కనిపిస్తున్న గుండ్రటి మచ్చలు ఏమిటో రాయమన్నాడు. సైనికుల గుడారాలు కావచ్చని రాశాను. ఆమె అవి గొర్రెల దొడ్లని చెప్పింది. నీళ్ల వైపు పోయే దారి అన్ని పాయలుగా చీలిందంటే అది మంద నడిచిన దారేనంది. అధికారి పక్క గదిలోని వాళ్లను కూడా పిలిచి ఆమె చేత మళ్లీ చెప్పించాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఆమె రిపోర్టుల్లో ఇంగ్లిషు దిద్దేది నేను. పైవాళ్లు మెచ్చుకునేది మాత్రం ఆమె చూపును. ఏడాది తిరిగేసరికి కిటికీ పక్కన పెద్ద బల్ల ఆమెకిచ్చారు. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను.

ఆ డిసెంబరులో సెలవు దొరికింది నాకొక్కదానికే. క్రిస్మస్ రోజు పొద్దున వాళ్ల అన్న మా ఇంటికి వచ్చాడు. చెల్లెలికి నాతో పంపడానికి చలికని గొంగడి, వేరుశెనగ పొడి తెచ్చాడు. నాన్న అతన్ని పోనివ్వలేదు. మాతోనే భోంచేసి, పొద్దు వాలాక బస్సెక్కాడు. అదే మధ్యాహ్నం వాళ్ల ఊళ్లో రెండు పార్టీల వాళ్లు బాంబులు వేసుకున్నారు. ఒక మనిషి పోయాడు. చనిపోయినవాడి పార్టీ వాళ్లు కేసులో ఆమె అన్న పేరు కూడా రాయించారు. ఆ రోజుల్లో మా వైపు అవతలి పార్టీ ఇంట్లో చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు ఉంటే ముందు ఆ ఇంటి పేరే రాయించేవాళ్లు.

నేను ఢిల్లీ తిరిగొచ్చేసరికి సంగతి ఆఫీసుకు చేరింది. అధికారి నన్ను పిలిచి, నీదీ ఆ జిల్లానే కదా, ఆ ఊరు ఎలాంటిదని అడిగాడు. పార్టీల ఊరేనని చెప్పాను. ఆమె కుటుంబానికి పార్టీ ఉందా అన్నాడు. అక్కడ ఏ పార్టీ లేకుండా ఎవరూ ఉండరన్నాను. రెండూ నిజాలే. వాళ్ల అన్న ఆ మధ్యాహ్నం మా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని ఉన్నాడని మాత్రం చెప్పలేదు.

విచారణ తేలేదాకా ఆమెను ఫైళ్ల గదికి పంపి, ఆమె బల్ల నాకిచ్చారు. నలభై రోజులు అక్కడ కూర్చున్నాను. సిగ్గు పడాల్సింది. కానీ కిటికీలోంచి ఎండ వచ్చి భుజం మీద పడుతుంటే హాయిగా ఉండేది.

అప్పుడు నాన్న ఫోన్ చేశాడు. ఆమె అన్న మా ఇంట్లోనే ఉన్నాడని తాను జమ్మలమడుగు స్టేషన్లో రాసిచ్చానని చెప్పాడు.

"నువ్వు గూడా చూసినావు గదమ్మా. మీ ఆఫీసులో చెప్పినావా, లేదా?"

ఈ రోజే చెబుతాను నాన్నా అన్నాను. నేను చెప్పకపోయినా ఎలాగూ బయటపడుతుందని తెలిశాకే అధికారి గదికి వెళ్లాను. అంతా విని, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్నాడు. మీరు అడగలేదు సార్ అన్నాను. అడిగినదానికే జవాబు చెప్పే మనిషి రాసిన రిపోర్టును తాను పైకి పంపలేనని నెమ్మదిగా అని, తలుపు వేసుకుని వెళ్లమన్నాడు.

కేసులోంచి అన్న పేరు తీసేశారు. ఆమె తన బల్లకు తిరిగొచ్చింది. వచ్చిన వారంలోనే, నేను నలభై రోజులు చూసినా పట్టుకోలేని కొత్త రోడ్డొకటి ఫోటోలో పట్టుకుంది. క్యాంటీన్లో నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పబట్టే మా అన్న బయటపడినాడంట మే. శానా మేలు చేసినావు."

నేను చెప్పిన రోజు ఏదో ఆమెకు తెలియదు, మొదట్లోనే చెప్పాననుకుంది. అధికారి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లు చూసినప్పుడు కూడా నాలో కదిలింది జాలి కాదు. మనసులో ఏ మరకా లేకుండా ఒకరికి అలా కృతజ్ఞత చెప్పగలుగుతోందే అని ఈర్ష్య.

మరుసటి నెలలో వేరే విభాగానికి బదిలీ అడిగాను. అధికారి కారణం అడగకుండానే సంతకం పెట్టాడు. తర్వాత ఆమె ఆ గదికే అధిపతి అయింది. నేను రిటైరయ్యేదాకా ఇతరుల రిపోర్టుల్లో ఇంగ్లిషు దిద్దాను.