ఎడమ చెంప మీద చుక్క

పోయిన ఆదివారం క్రెయిగీబర్న్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్లి, పులిహోర ప్లేటు సగంలోనే పక్కన పెట్టి వచ్చేశాను. ఆ ఇంటావిడ మంచిదే. నలుగురికీ పరిచయం చేయాలన్న ఉత్సాహంలో మా అమ్మాయి భుజం మీద చేయి వేసి, "ఈ ఆంటీ వాళ్లు చైనా వెళ్లి మరీ ఈ అమ్మాయిని అడాప్ట్ చేసుకున్నారండీ, ఎంత పుణ్యం కదా, సో గ్రేట్" అంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, తెలుగు ప్రతి ముక్కా అర్థమయ్యే పిల్ల, అక్కడే నిలబడి ఉంది. దానికి ఇవన్నీ అలవాటే, కారులో "ఇట్స్ ఓకే అమ్మా, షీ మెంట్ వెల్" అని నాకే సర్దిచెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది. కన్నవాళ్లను పట్టుకుని ఎంత పుణ్యం చేశారండీ అని ఎవరూ అనరు. పిల్ల కావాలని నేను ఏడ్చి, కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి తెచ్చుకుంటే, అది నేను దానికి పెట్టిన భిక్ష ఎలా అయిందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

మన వయసు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చిన ప్రతివాడినీ పిలిచి పని ఇచ్చిన కాలం అది. మా వారు అప్పుడు మేముండే అడిలైడ్‌లో ఒక బీమా కంపెనీలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మారుస్తూ భోజనానికి కూడా ఇంటికి రాని రోజుల్లో, నేను ఊరి చివర మాసన్ లేక్స్‌లో కొత్తగా కట్టిన ఇంట్లో, ఇంకా మొక్కలైనా నాటని పెరట్లోకి చూస్తూ, ఆసుపత్రి వాళ్లు పిల్లల కోసం ఇక ప్రయత్నించి లాభం లేదన్న మాటను ఒక్కదాన్నే మింగుతూ కూర్చునేదాన్ని. కంప్యూటర్లు కూలిపోతాయని లోకమంతా భయపడిన ఆ జనవరి ఒకటో తారీఖు ఏమీ కాకుండానే గడిచిపోయింది. ఆ మర్నాడే దత్తత కాగితాలు తెప్పించమని మా వారితో చెప్పాను.

అప్పట్లో అడిలైడ్‌లో తెలుగువాళ్లంతా కలిసినా ఒక స్కూలు హాలు నిండేది కాదు గానీ సలహాలకు మాత్రం కొదవ లేదు. ఇండియా నుంచి తెచ్చుకోవచ్చుగా అన్నవాళ్లకు అక్కడి క్యూ ఎంత పొడుగో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. మా ఆడపడుచు ఫోన్ చేసి, కనీసం మన రంగులో ఉండే పిల్లయినా దొరకదా వదినా అంది, చీర బేరం చేస్తున్నట్టు. ఇక మమ్మల్ని పరిశీలించడానికి వచ్చిన సోషల్ వర్కర్, మీరు పిల్లల్ని కొడతారా, పోట్లాడుకుంటే ముందు ఎవరు మాట్లాడతారు, మీరిద్దరూ పోతే పిల్లను ఎవరు చూస్తారు అని నాలుగుసార్లు వచ్చి అడిగి, అన్నీ రాసుకుంది. ఆవిడ పని ఆవిడ చేసింది, నిజానికి అవి అడగవలసినవే. కానీ మా వీధిలోనే వరసగా ముగ్గురిని కన్న ఆవిడను ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదని తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోయేది.

రెండేళ్లు పైబడ్డాక ఫోటో వచ్చింది, తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది. ఉబ్బిన బుగ్గలు, కోపంగా చూసే రెండు కళ్లు. అచ్చం నాలాగే ఉందనుకున్నాను. మూడు వారాల్లో బయలుదేరి రమ్మన్నారు. మా వారు సెలవు అడిగితే, అప్పటికి ఐటీ ఊపు తగ్గి కాంట్రాక్టు వాళ్లను ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్న ఆ కంపెనీలో, మేనేజరు రూల్సు పుస్తకం తిరగేసి, కంటే సెలవుంది గానీ తెచ్చుకుంటే లేదన్నాడు. వెళ్తే ఇక తిరిగి రానక్కర్లేదని కూడా మర్యాదగానే చెప్పాడట. కొత్త సంవత్సరం రోజున లోకమంతా పండగ చేసుకుంటుంటే వాళ్ల కంప్యూటర్లకు కాపలా కాసిన మనిషికి దక్కిన మర్యాద అది. భార్యాభర్తల్లో ఒకరొచ్చినా, రెండోవారు సంతకం పెట్టిన కాగితం ఉంటే చాలన్నారు కనుక, నేను ఒక్కదాన్నే చైనా విమానం ఎక్కాను.

అక్కడ ఒక ఆఫీసు హాల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఐదు తెల్ల జంటలూ నేనూ కూర్చున్నాం. వాళ్లందరి పాస్‌పోర్టులూ ఒక్కసారి చూసి పక్కన పెట్టిన గుమస్తా, నాది మాత్రం మూడుసార్లు తిప్పి చూసి, మీరు నిజంగా ఆస్ట్రేలియా వాళ్లేనా అని దుబాసీ అమ్మాయి చేత అడిగించాడు. అవునన్నాను. మళ్లీ అడిగించాడు. చివరికి మా అమ్మాయిని ఒక నడివయసు ఆయా ఎత్తుకుని వచ్చింది. పిల్లల హోం అక్కడికి మూడు గంటల బస్సు ప్రయాణమట. ఒకదాని మీద ఒకటి నాలుగు స్వెట్టర్లు తొడిగిన ఆ పదకొండు నెలల పిల్ల ఆవిడ మెడ వదలనంటే, ఆవిడే ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీసి, పిల్లను నా చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

హోటల్ గదిలో నాకు తెలిసిన పిల్లల పెంపకమంతా ఒక్క పూటలో చేసేశాను. నూనె రాసి, వేన్నీళ్లు పోసి, పొడి బట్టలు తొడిగి, మా అమ్మ పంపిన భరిణెలోంచి కాటుక తీసి ఎడమ చెంప మీద ఇంత లావు దిష్టి చుక్క పెట్టాను. ఏడ్చి ఏడ్చి పడుకున్న ఆ మొహం చూస్తే నా దిష్టే తగిలేలా ఉంది. మర్నాడు ఆ చుక్కతోనే తీసుకెళ్లి పాస్‌పోర్టు ఫోటో తీయించాను. మన ఇళ్లల్లో చంటిపిల్లల ఫోటోలో చుక్క లేనిదెప్పుడు కనుక, నాకు తట్టనే లేదు. పాస్‌పోర్టు రాసినవాడు ఫోటో చూసి, గుర్తింపు చిహ్నం దగ్గర ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని వేసేశాడు. నాలుగు రోజుల తర్వాత, స్నానం చేయించి తీసుకెళ్లిన పిల్లను వీసా కోసం పరీక్షించిన డాక్టరు, ఒంటి మీద మచ్చలేవీ లేవని రాశాడు.

దత్తత ఆఫీసు వాళ్లు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఈ పిల్లా ఆ పిల్లా ఒకటేనా అన్నారు. నేను భరిణె తీసి చూపించాను. దిష్టిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక, చెడు చూపు పడకుండా అన్నాను. దుబాసీ అమ్మాయి దాన్ని ఏమని చెప్పిందో గానీ, బల్ల అవతల ఇద్దరూ నన్ను ఇంకాస్త చెడుగా చూశారు. విషయం తేలేదాకా పిల్లను హోంకి తిరిగి పంపాలన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. పిల్లను ఒళ్లో బిగించి పట్టుకుని, వాళ్లకు అర్థం కాదన్న ధైర్యంతో మా బాపట్ల భాషలో నోటికొచ్చినట్టు తిట్టాను. నా మొహం తెల్లగా ఉంటే ఇంత అనుమానం వచ్చేది కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. సాయంత్రానికి మెత్తబడి, హోం నుంచి ఆయా వచ్చి గుర్తుపడితే చాలన్నారు.

మర్నాడు ఆవిడ గుమ్మంలో కనబడగానే, నా చంకలోని పిల్ల రెండు చేతులూ చాపి ఆవిడ మీదకు దూకింది. వారం రోజులుగా నా దగ్గర ఒక్కసారీ నవ్వని పిల్ల నవ్వింది. ఆవిడ ఫోటో చూసింది, పిల్ల చెంప చూసింది, నా చేతిలో భరిణె చూసింది. చూసి పకపకా నవ్వి, చిటికెన వేలు కాటుకలో ముంచి, ఫోటోలో ఉన్న చోటే సరిగ్గా ఒక చుక్క పెట్టి, పిల్ల మొహాన్ని వాళ్ల వైపు తిప్పి పట్టుకుంది. దుబాసీ నోరు విప్పవలసిన పనే లేకపోయింది. కాసేపట్లో కాగితాల మీద ముద్రలు పడ్డాయి.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్ల ఆవిడను చూసి నవ్విందన్న కుళ్లుతో, మళ్లీ ఎవరు ఏ కాగితం అడుగుతారోనన్న భయంతో, ఆవిడ చేతుల్లోంచి దాన్ని లాక్కున్నంత పని చేసి, తల ఊపి, టాక్సీ ఎక్కేశాను. ఆవిడ మళ్లీ మూడు గంటలు బస్సులో కూర్చుని వెళ్లి ఉంటుంది. దుబాసీ అమ్మాయి పక్కనే ఉంది. నీ పేరేమిటమ్మా అని ఒక్క మాట అడిగిస్తే అయిపోయేది.

ఇప్పుడు ఆఫీసుల్లో దత్తతకూ సెలవు ఇస్తున్నారట. జేబులోని ఫోనే ఎవరి మాటనైనా ఎవరికైనా చెప్పి పెడుతోంది. చైనా బయటి దేశాలకు పిల్లలను ఇవ్వడమే మానేసిందని విన్నాను, నాలాంటివాళ్లు ఇక ఆ హాల్లో కూర్చునే పని లేదు. నిరుడు మా అమ్మాయి ఆ ఊరు వెళ్లింది. హోం ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి, అప్పటి ఆయాల వివరాలు ఎవరి దగ్గరా లేవు. ఆ రోడ్డు మీద నిలబడే వీడియో కాల్ చేసి, "అమ్మా, నన్ను ఎత్తుకున్న ఆవిడ, వాట్ వాజ్ హర్ నేమ్? ఐ జస్ట్ వాంట్ హర్ నేమ్" అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరు ఎంత అడ్డగోలుగా అడిగినా ఎదురు సమాధానం చెప్పిన నోరు నాది. అడగలేదే తల్లీ, అని మాత్రం అనగలిగాను. అది కాసేపు అటు తిరిగి ఆ భవనాల వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగి, నువ్వు అన్నం తిన్నావా అని మాట మార్చింది. అది నా మీద కోప్పడి ఉంటే బాగుండేది.