ప్లగ్ పీకి చూసే మనిషి

మా సీనియర్ గారు పోయారని శనివారం ఉదయం ఫోన్ వచ్చింది. సౌదీలో, ధహ్రాన్‌లోని మా ల్యాబ్‌లో నాకు పని నేర్పిన మనిషి ఆయన. ఆయన పక్క ఫ్లాట్ వాళ్లు చెబుతుంటే ఇంకెవరి గురించో అనుకున్నాను. గురువారం సాయంత్రం నాతో పాటే కారెక్కి, ఏసీ తగ్గించమని పోరి, శుక్ర, శనివారాల సెలవయ్యాక ఆదివారం కలుద్దామని దిగిన మనిషి. శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి పడుకుని ఇక లేవలేదట. ఫోన్ పెట్టేసి ఆయన నంబరుకే చేశాను. ఎందుకు చేశానో అడగొద్దు.

పైపుల ఉక్కు ఎంత వేగంగా తుప్పు పడుతుందో కొలవడం మా పని. సెన్సర్లు సెకను సెకనుకూ ఇచ్చే అంకెలు వారాల తరబడి ఫైల్లో పడుతూ ఉండాలి. వాటిని ఏ ఫార్మాట్‌లో రాయాలన్న దగ్గర ఆయన మహా మొండి. ఎవరు కొత్తది తెచ్చినా "బాగుందండీ" అని మెచ్చుకుని, పాలు లేని సులేమానీ టీ గ్లాసు పక్కన పెట్టి, రికార్డింగ్ నడుస్తుండగానే కంప్యూటర్ ప్లగ్ పీకేసేవారు. మళ్లీ పెట్టి ఫైలు తెరిచేవారు. తెరుచుకోకపోతే ఆ ఫార్మాట్ పని అయిపోయినట్టే. ఆయన వాడేది మామూలు టెక్స్ట్ ఫైలు: కొలతకో వరుస, పడింది పడినట్టే డిస్కు మీదికి. "కరెంటు పోయిన క్షణం దాకా చదవగలిగితేనే రికార్డు అబ్బాయ్, మిగతాదంతా సోకు," అనేవారు. చాదస్తమని నేను వెనకాల నవ్వుకునేవాణ్ణి.

ఆయన సెలవు మీద కాకినాడ వెళ్లేనాటికి నేను చేరి రెండు నెలలు. నా తెలివి చూపించుకోవాలని, అంకెల్ని కుదించి రాసే ఫార్మాట్‌కి మార్చాను. ఏది ఎక్కడుందో చెప్పే పట్టికను అది ఫైలు మూసేటప్పుడే రాసుకుంటుందని చదివాను కూడా. ప్లగ్ మాత్రం పీకి చూడలేదు. పన్నెండో రోజున కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది. ఫైలు మూతపడక ముందే ఆగిపోయింది కాబట్టి ఆ పట్టికే లేదు, పదకొండు రోజుల కొలతల్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆయన తిరిగొచ్చిన రోజే మేనేజర్ మా ఇద్దరినీ పిలిచాడు. నేను నోరు తెరిచేలోపే, మార్చమని ఊరి నుంచి ఫోన్‌లో చెప్పింది తానేనని ఆయన అనేశారు. పచ్చి అబద్ధం. నా ప్రొబేషన్ ఇంకా నెల ఉంది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డూ పోతుంది, ఇంటికి టికెట్టే. బయటికొచ్చాక నేనేదో అనబోతే, "నీ ప్రొబేషన్ అయ్యాక నువ్వే చెబుదువుగానిలే," అన్నారు. ప్రొబేషన్ అయింది. రెండేళ్లూ గడిచాయి. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. రోజూ ఒకే కారులో వెళ్లొచ్చాం.

ఆదివారం ల్యాబ్‌లో అందరం నిలబడ్డాం. మేనేజర్ మంచిగానే మాట్లాడాడు. ఆ పదకొండు రోజుల పొరపాటు ఒక్కటి పక్కన పెడితే అంత జాగ్రత్త మనిషిని తాను చూడలేదన్నాడు. నేను ముందుకొచ్చాను.

"ఆ ఫార్మాట్ పెట్టింది నేను సార్. ఆయనకు తెలియనైనా తెలియదు," అన్నాను.

మేనేజర్ కాగితం మీద రాసిమ్మన్నాడు. ఇచ్చాను. తేలికపడతాననుకున్నాను గానీ పడలేదు. వినాల్సిన మనిషి లేరు.

సీనియర్ గారు గురువారం మొదలుపెట్టిన పరీక్ష ఇంకా నడుస్తోంది. ఇక దాన్ని నన్ను చూసుకోమన్నారు. వెళ్లి కూర్చున్నాను. స్క్రీన్ మీద సెకనుకో వరుస పడుతోంది: టైము, ఉష్ణోగ్రత, తుప్పు వేగం, చివర నడుపుతున్నవారి పేరు. ఆ పేరు తీసేసి నాది పెట్టాలి. కీబోర్డు మీద చేతులు ఉన్నాయి. ఆయన పేరు పడుతూనే ఉంది.