బావ ఎక్కని స్తంభం

మొన్న ఆదివారం పొద్దున పక్క పోర్షన్‌లో ఉండే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటొచ్చిందట. సంతోషపడాలో భయపడాలో తెలియని ముఖం తల్లిది. పిల్ల మాత్రం అప్పుడే మూలనున్న నా సామాన్ల సంచీ వైపు చూస్తోంది. "అన్నా, గీ పనిల ఎట్ల దిగాలె, జర దీనికి సమజయ్యేటట్టు చెప్పు. నువ్వెట్ల దిగినవో గది చెప్పినా సాలు" అంది తల్లి. మొదటిది చెప్పడం తేలికే. పదో తరగతి మీద ఐటీఐ రెండేళ్లు, తర్వాత ఎక్కడైనా అప్రెంటిస్‌గా కొంతకాలం, చెయ్యి తిరిగాక వైర్‌మన్ పర్మిట్‌కు పరీక్ష, ఈలోగా తొందరపడి సొంతంగా షాపు బోర్డు కట్టొద్దు అని గడగడా చెప్పేశాను. రెండోదాని దగ్గరికి, అంటే నేనెట్లా దిగానో చెప్పేదాని దగ్గరికి వచ్చేసరికి, టీ తాగి వెళ్లండమ్మా అని మాట మార్చాను. వాళ్లు వెళ్లాక మా ఆవిడ ఊరుకుంటుందా? "గంత చెప్పినోనివి, గదొక్కటి చెప్పకపోతివి" అని దెప్పింది. ఎట్లా చెప్పను? కళ్లు మెరిపించుకుంటూ వచ్చిన పిల్లకు చెప్పే సంగతేనా అది? మా బావ ఉంటే ఆయన దగ్గరికే పంపేవాణ్ణి. ఎంత బాధ సంగతినైనా నవ్విస్తూ చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆయన నిద్రలోనే గుండె ఆగిపోయి వెళ్లిపోయి రెండేళ్లు కావస్తోంది.

బావ అంటే మా అక్క మొగుడు. నల్గొండ పక్క పల్లె నుంచి పెళ్లయిన కొత్తలోనే పట్నం వచ్చి, మన్సూరాబాద్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఎలక్ట్రీషియన్‌గా బతుకుతుండేవాడు. నేను డిగ్రీ పూర్తిచేసి, సర్కారు నౌకరీ ఇవాళో రేపో అన్నట్టు వచ్చి ఆ రెండు గదుల్లో మూడో మనిషినయ్యాను. నౌకరీ రాలేదు కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీలో ఒక జిరాక్స్ షాపులో పని దొరికింది. బావ బక్కపలచని మనిషి. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు, పైకప్పు చూసేవాడు. ఏ ఫ్యాను ఊగుతోంది, ఏ తీగ వేలాడుతోంది అని. "నన్ను సూడనొచ్చిన్నాడు గూడ మా ఇంట్ల బల్బునే సూసిండు, ఆ బల్బును చేసుకుంటే అయిపోతుండె" అని అక్క దెప్పుతుండేది. బావ నవ్వేవాడు. "మాది తలెత్తుకుని బతికే పని బామ్మర్దీ. మెడనొప్పి తప్ప ఇంకో బాధ లేదు" అనేవాడు.

బాధ లేకపోవడమేమిటి, ఉంది. ఆయనకు లైన్‌మన్ కావాలని ఆశ. నల్గొండలో ఐటీఐ చేసిననాటి నుంచీ అదే ఆశ. ఇళ్లల్లో స్విచ్‌లు బిగించడం ఆయన లెక్కలో పొట్టకూటి పని. అసలు పని స్తంభం మీదే ఉందని ఆయన నమ్మకం. లైన్‌మన్ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. గబగబా ఎక్కి దిగినవాడికి ఉద్యోగం సగం వచ్చినట్టే, జారినవాడు ఇంటికే. ఆ పోస్టులెప్పుడు పడతాయంటే అప్పట్లో అందరిదీ ఒకటే జవాబు, తెలంగాణ వస్తే పడతాయి. బావ ఆ మాటను ఇంట్లో బియ్యంబస్తాలాగా దించుకుని ధీమాగా ఉండేవాడు. ఆదివారం వస్తే నన్ను బండి మీద ఎక్కించుకుని బడంగ్‌పేట్ అవతలికి తీసుకెళ్లేవాడు. అక్కడ ఎవరో మహానుభావులు వెంచర్ వేసి, సిమెంటు స్తంభాలు పాతి, తీగలు లాగడం మరిచిపోయారు. ఇళ్లు లేవు, మనుషులు లేరు, గడ్డి మేసే బర్రెలు తప్ప. ఆ స్తంభాలు బావకు పరీక్ష మైదానం. లుంగీ ఎగగట్టి ఉడుతలాగా పైకి పాకి, కొసన చెయ్యి ఆనించి, "బామ్మర్దీ, సాగర్ రోడ్డు మీద బస్సు కనవడ్తుంది" అని కేకేసేవాడు. నేను హద్దురాయి మీద కూర్చుని పల్లీలు తింటూ తల ఊపేవాణ్ణి. గీరిన మోకాళ్లతో ఇంటికి వస్తే అక్క నూనె రాస్తూ తిట్టేది, "ముప్పై దాటినోనికి గీ కోతి చేష్టలేంది?" అని. తిడుతూనే, వచ్చే జీతంతో ఒక గది ఎక్కువున్న ఇల్లు చూద్దామనేది.

ఉద్యమం ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చి టెంటు వేసుకుంది. రోజుకో సంఘంవాళ్లు నిరాహార దీక్షకు కూర్చునేవారు. ఆ టెంటుకు లైట్లూ మైకూ కట్టింది మా బావే. పైసా తీసుకోలేదు. పెద్ద పెద్ద నాయకులు వచ్చి రక్తం మరిగే ఉపన్యాసాలు ఇస్తుంటే ఈయన టెంటు వెనక యాంప్లిఫయర్ దగ్గర గొంతుక్కూర్చునేవాడు. ఉపన్యాసం ఎట్లుంది బావా అంటే, "మైకు గుర్రుమంటలేదు, మంచిగున్నది" అనేవాడు. ఆ తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, మా జిరాక్స్ షాపూ షట్టరు దించింది. గనుల్లో బొగ్గు తవ్వడం ఆగిపోయేసరికి కరెంటుకు కరువొచ్చింది. మధ్యాహ్నం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా కోత అని పేపర్లో వేసేవారు. మేమే కోరి తెచ్చుకున్న ఉక్కపోత కదా, ఎవరూ గొణగలేదు. పైగా కాస్త గర్వంగానే అట్టముక్కలు ఊపుకుంటూ కూర్చున్నాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు మీటరు బోర్డులో ఫ్యూజు ఊడబీకి సొంత జేబులో వేసుకోవడం మా పనివాళ్ల అలవాటు. పక్కన పెట్టి వెళితే ఇంట్లో ఏ తాతో టీవీ రావట్లేదని దాన్ని మళ్లీ తగిలించేస్తాడు. "ఫ్యూజు జేబుల ఉంటే పాణం జేబుల ఉన్నట్టు" అని బావ ఎందరికో చెప్పాడు. కానీ ఆ సమ్మె రోజుల్లో చుట్టుపక్కల ఎలక్ట్రీషియన్లందరికీ ఆ అలవాటు తప్పింది. ఊరంతటికీ కరెంటు లేనప్పుడు ఇంటి ఫ్యూజు పీకేదేమిటి? కోత మొదలవగానే నిచ్చెన వేసేవారు, కోత అయ్యేలోపల దిగేవారు. కోతనే ఫ్యూజు అనుకున్నారు. మా బావా అనుకున్నాడు.

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్ నుంచి ఫోనొచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ నడిపే మగపిల్లల హాస్టల్. నీళ్ల మోటారు స్టార్టరు కాలిపోయింది, ట్యాంకు ఎండిపోయింది, పిల్లలు స్నానాలు లేక గోల పెడుతున్నారట. నాకూ పనేం లేదు కనుక బావ వెంట వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. కోత మొదలయ్యాక బావ మెట్ల కింద మూలలో స్టార్టరు విప్పాడు. ఎందుకో ఏమో, ఆ రోజు కోత మధ్యలోనే కరెంటు వచ్చేసింది. కరెంటు రాగానే హాస్టల్ పిల్లలంతా ఒక్కసారి "ఓ" అని అరవడం ఆ రోజుల్లో అలవాటు. మూడంతస్తుల పిల్లలూ అరిచారు. ఎదురు హాస్టల్ వాళ్లూ అరిచారు. నేనూ నవ్వాను. ఆ అరుపుల్లో మా బావ అరుపు కూడా ఉంది. దేవుడా, నాలుగు మెట్ల పైన కూర్చున్నవాణ్ణి, నాకే వినపడలేదు! మజ్జిగ గ్లాసుతో వచ్చిన ఆ హాస్టలమ్మ చూసింది. గ్లాసు పారేసి, ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి దాంతో ఆయన్ని పక్కకు తోసేసింది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి అరచేయంతా కాలింది. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు, ఉన్నవి మడత పడటం లేదు. కట్టు విప్పిన రోజు డాక్టర్ను బావ అడిగిన మొదటి మాట, "సార్, పిడికిలి అయితదా?" అని. డాక్టరు మందుల చీటీ రాసి అక్క చేతికిచ్చాడు. అక్క బయటికి వెళ్లి గోడకు తల ఆనించి ఏడ్చింది. హాస్టలమ్మ రోజూ క్యారియర్ తెచ్చేది. "ఒక్కపూట స్నానం మానేస్తే ఏం కొంపలు మునిగిపోయేవి బాబూ? నేను ఆ రోజు రమ్మనకుండా ఉండాల్సింది" అని కళ్లొత్తుకునేది. ఇంతలో టెంటు దగ్గరి వాళ్లు కొందరు వచ్చారు. ఆంధ్రోళ్ల ఇంట్లో తెలంగాణ బిడ్డకు అన్యాయం జరిగింది, ధర్నా చేద్దామన్నారు. బావ మంచం మీద నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. "అన్యాయం నాకు నేనే చేసుకున్న. ఫ్యూజు తియ్యలె. గామె కుర్చీ ఎత్తకపోతే మీరీపాటికి నా ఫొటోకు దండ తెద్దురు. పోయి మైకు చూసుకోండ్రి, నేను లేక గుర్రుమంటున్నదంట."

నేను పనిలోకి దిగింది ఇట్లాగే. కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాక బావ ఒక రోజు సంచీ నా భుజానికి తగిలించాడు. "నోరు నాది, చేతులు నీయి. నడువ్." అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఒక్కని చెయ్యి పోయింది, సాలదా?" అంది. బావ నవ్వుతూ బతిమాలి ఒప్పించాడు. మొదట నాకు దక్కింది గోడలు కొట్టే పని. పైపులు దాచడానికి సుత్తితో, ఉలితో గాడి తీయాలి. డిగ్రీ చదివిన అరచేతులు బొబ్బలెక్కాయి. తర్వాత తీగలు లాగడం, బోర్డులు బిగించడం. బావ కింద స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను పైన చేసేవాణ్ణి. నా మొదటి సొంత కనెక్షన్‌లో ఫ్యాను స్విచ్ వేస్తే కాలింగ్ బెల్లు మోగింది. ఇంటావిడ తలుపు తీసి ఎవరొచ్చారా అని వీధిలోకి చూసింది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రమాదం తర్వాత ఆయన అట్లా నవ్వడం అదే మొదలు. ఎన్ని తప్పులైనా చేయొచ్చనిపించింది నాకు.

కానీ పని వచ్చేకొద్దీ తప్పులు తగ్గాయి, ఫోన్లు నాకే రావడం మొదలైంది. కొత్తపేటలో ఒక ఇంటాయన నన్ను సోఫాలో కూర్చోబెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డ బావను చూపించి, "ఈయనెవరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల బావే అందుకున్నాడు. "హెల్పర్‌ను సార్." మర్నాడు పొద్దున సంచీ అందించి, "ఇగ నువ్వొక్కనివే పో బామ్మర్దీ, నాకు ఎండ పడ్తలేదు" అన్నాడు. అది చలికాలం.

తెలంగాణ వచ్చింది. మా గల్లీ అంతా డప్పులు, రంగులు. బావ నాచేత ఇంటి ముందు రంగుల బల్బుల సీరియల్ సెట్ కట్టించి, ఎదుట నిలబడి చూసుకుని, "ఇగ మన పోస్టులొస్తయ్" అన్నాడు. మన అనే అన్నాడు. అక్క ఆయన నోట్లో మిఠాయి పెట్టింది.

పోస్టులూ వచ్చాయి, కొన్నేళ్లు ఆలస్యంగా. పేపర్లో చదివి మడిచి పక్కన పెట్టిన మనిషి, స్తంభం పరీక్ష రోజు పొద్దున్నే తయారై, "బండి తియ్" అన్నాడు. తుర్కయంజాల్ దాటాక ఒక మైదానంలో స్తంభాలు పాతి వరసగా కుర్రాళ్లను ఎక్కిస్తున్నారు. కంచె ఇవతల నిలబడ్డాం. ఎక్కేవాళ్లతో పాటు బావ మోకాళ్లు వంగుతున్నాయి. ఒకడు సగంలో ఆగి జారబోతున్నాడు. బావ ఉండబట్టలేక, "చేతులతోని గుంజకు తమ్మీ, మోకాళ్లతోని పట్టు, పైకే సూడు!" అని అరిచాడు. వాడు పట్టు దొరికించుకుని కొస తాకి దిగాడు. రొప్పుతూ, నవ్వుతూ కంచె దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. "అన్నా, మీరు లైన్‌మనా? ఏ బ్యాచ్?" అని అడిగాడు. బావ కుడిచెయ్యి వీపు వెనక్కు పెట్టుకున్నాడు.

"నాది గీ బ్యాచే తమ్మీ. జర లేటయింది."

కాలం ఎవరికోసమూ ఆగదంటారు. ఆగకపోతే పోనీ, వచ్చేదేదో బావ చెయ్యి కాలకముందే వచ్చి ఉంటే దాని సొమ్మేం పోయేదని ఆ రోజు నుంచీ నాకు దానిమీద కోపం.