పోచంపల్లి నుంచి పాలమూరుకు, కోలాటం ఆడడానికి

నేను ప్రయాణాలు ఎక్కువ చేసిన మనిషిని కాను. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకొని బతుకంతా చీరలు నేశాను. మా అక్క మనుమరాలు శ్రావణి ఫోన్ చేయకపోతే ఈ ప్రయాణం కూడా పెట్టుకునేవాణ్ని కాదు. తన పెళ్లికి రమ్మంది. వచ్చి ఊరికే కూర్చోవడం కాదు, ఎదురుకోళ్లప్పుడు కోలాటం ఆడాలంది. "యాదగిరి తాతను గూడ తోల్కరా తాతా. ఆయన లేకుంటె నువ్వు పోయి సంచుల కాడ కూసుంటవు, నాకెర్కె" అంది. ఇలా పిలుపు వచ్చి, వెళ్లాలా వద్దా అని ఆగిపోయినవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

యాదగిరి ఎవరో చెప్పాలి. దర్జీ. మేమిద్దరం ఇరవై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో మొగుడూ పెళ్లాల్లా ఉంటున్నాం. ఇప్పటి పిల్లలు దీన్ని గే అంటారు. నాకు ఆ మాట తెలియకముందే మా వాళ్లకు మనిషిని చూపించి చెప్పాను, ఇతనితోనే ఉంటాను, సంబంధాలు చూడకండి అని. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి అది, అప్పటికే మేం ఒకే ఇంట్లో ఉంటున్నాం. అక్క ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది. బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడు వాళ్ల చిన్న కొడుకు పెళ్లిలో కోలాటం పెట్టారు. మా వైపు కోలాటంలో మగవాళ్లు రెండు వలయాలు కడతారు. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఇంకోవైపు జరుగుతాయి. చరణం మారినప్పుడల్లా ఎదుటి మనిషి మారతాడు. అలా బావ నా ఎదుటికి వచ్చాడు. వచ్చి, రెండు కర్రలూ కిందికి దించేశాడు. నా కర్ర గాలినే కొట్టింది. నేను ఆగిపోయాను, వెనకవాళ్లు వచ్చి నా వీపుకు తగిలారు, వలయం చెదిరింది. బయటికి వచ్చేశాను. అప్పటినుంచి ఏ పెళ్లిలోనూ కర్ర ముట్టలేదు. ఇప్పుడు యాదగిరి ముందు బావ మళ్లీ అట్లా చేస్తే ఏం చేయాలి? బయలుదేరేటప్పుడు నా మనసులో ఉన్నది ఇదొక్కటే.

పోచంపల్లిలో పొద్దున మొదటి బస్సు ఎక్కితే రద్దీ మొదలుకాకముందే హైదరాబాద్ చేరతారు. రెండు గంటలు వేసుకోండి. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సు నిండా వాళ్లే ఉంటారు, మగవాళ్లకు సీటు దొరకడం అదృష్టం. మాకు వెనక దొరికింది. నా సంచిలో రెండు చొక్కాలున్నాయి. ఒకే గుడ్డ. నేను నేసిందే, యాదగిరి కుట్టాడు. ఇద్దరం ఒకే రకం వేసుకుంటే అందరూ చూస్తారు, నేను తెల్లది వేసుకుంటానని మెల్లగా చెప్పాను. "నువ్వు నేస్తివి, నేను కుడితి. ఇగ తొడుక్కునేటందుకు ఎవరినన్న కిరాయికి తెద్దామా?" అన్నాడు. ముందు సీటులో ఒకావిడ నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇమ్లిబన్ బస్టాండులో దిగి మహబూబ్‌నగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, పాలమూరంటే అదే. అవి వరసగా ఉంటాయి, ఎదురు చూడక్కర్లేదు. టికెట్టు మనిషికి రెండు వందల లోపే. రైలు కూడా ఉంది గాని మా అక్క ఊరికి బస్సే నయం. షాద్‌నగర్ దాటాక ఎర్ర నేలలు, పెద్ద రాతి గుండ్లు, మధ్యలో పత్తి చేలు. జడ్చర్లలో బస్సు కాసేపు ఆగితే చాయ్ తాగాం. మధ్యాహ్నం కాకముందే పాలమూరు బస్టాండులో దిగాం. అక్కడినుంచి దేవరకద్ర వైపు షేర్ ఆటోలు పోతాయి. అవి నిండేదాకా కదలవు. మాకు తొందర కాబట్టి మొత్తం ఆటో మాట్లాడుకున్నాం. బేరం చేయండి, తగ్గిస్తారు.

ఆటోడ్రైవర్‌కు నా సంచిలోంచి పొడుచుకొచ్చిన కర్రలు కనబడ్డాయి. కోలాటమా అని అడిగాడు. తను కూడా వాళ్ల ఊరి భజనలో ఆడతాడట. నేను మామూలుగా కొత్తవాళ్లతో మాట్లాడను. ఎందుకో ఆ రోజు అడిగేశాను, ఎదుటివాడు కర్ర ఎత్తకపోతే ఏం చేస్తారని. అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "గట్ల శానసార్లు అయితది తాతా. తాగొస్తరు, మర్సిపోతరు, కొందరు కావాల్నని జేస్తరు. మనం ఆగొద్దు. నీ రెండు కర్రలు నువ్వే కొట్టుకోని ముంగటికి జరగాలె. తాళం దాని పాటికి అది నడుస్తది." యాదగిరి నా మోకాలి మీద చెయ్యి వేసి తీయలేదు, ఊరు వచ్చేదాకా.

అక్క వాకిట్లోనే ఉంది. కాళ్లకు నీళ్లిచ్చింది. వెనక పొయ్యిల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు జొన్నరొట్టెలు కొడుతున్నారు. వేడి రొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టారు. పాలమూరు పోయి జొన్నరొట్టె తినకుండా రావద్దు. తింటుండగా అక్క నా పక్కన కూర్చొని ఎర్ర కుచ్చులు కట్టిన కొత్త కర్రలు నా చేతిలో పెట్టింది. ఏదో గొప్ప ఏర్పాటు చేసినదానిలా ముఖం వెలిగిపోతోంది.

"తమ్మీ, నీకు మా ఆడోళ్ల కోలాటంల జాగ వెట్టిన. నా పక్కపొంటి. ఎవ్వరు ఏమనరు, అందరికి చెప్పిపెట్టిన."

చేతిలో రొట్టె కంచంలో పెట్టేశాను. ఆమె ఎన్నాళ్లుగా ఆలోచించి ఉంటుందో, ఎంతమందిని ఒప్పించి ఉంటుందో నాకు తెలుసు. పైగా తప్పు తనది కాదు, నేనే ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. నీళ్లు తాగి అన్నాను. "అక్కా, నేను మొగోన్నే. మొగోళ్ల దాంట్లనే ఆడుత."

అక్క నన్ను చూసింది, యాదగిరిని చూసింది. "గట్లనా? మరి గీ మాట ముందుగాల జెప్పొద్దారా? నేను నలుగురిని జరిపి నీకు సందు జేసిన."

"ఆ సందు నాకియ్యి అక్కా. మోకాళ్ల నొప్పులు, మీ దాంట్లనైతె మెల్లగ ఆడుతరు" అన్నాడు యాదగిరి. రొట్టెలు కొడుతున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. ఒకామె పిండి చేతితోనే అతన్ని కొట్టడానికి లేచింది, మేం మెల్లగ ఆడుతమా అని. అక్క కూడా నవ్వింది. కుచ్చుల కర్రలు మాత్రం తిరిగి తీసుకోలేదు.

ఎండ తగ్గాక మగపెళ్లివారు ఊరి బయట దిగారు. వాళ్లను ఎదురుకొని తెచ్చేదారిలో ఆడవాళ్ల వలయాలు ముందు, మగవాళ్ల వలయాలు వెనక. ఒకే గుడ్డ చొక్కాలతో మేమిద్దరం నిలబడ్డాం. తాళాలు పట్టుకున్న గురువు జతలు చూసుకుంటూ వచ్చి నా ఎదురుగా ఎవరని అడిగాడు. నేను యాదగిరిని చూపించాను. ఆయన తలూపి ముందుకు వెళ్లిపోయాడు. నేను ఇన్నేళ్లు భయపడిన ప్రశ్నకు అంతకన్నా జవాబు అవసరం పడలేదు.

పాట మొదలైంది. మొదటి చరణం యాదగిరితో. అతని మోకాళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత వలయం జరిగింది. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, కర్రలు తగులుతున్నాయి. శ్రావణి వాళ్ల నాన్న ఈల వేసి మరీ కొట్టాడు. నా చూపు మాత్రం నాలుగు జతల అవతల తెల్ల తలపాగా మీద ఉంది. బావ దగ్గరికి వస్తున్నాడు. ఆయన కన్నా ముందు మగపెళ్లివారి మనిషి ఒకాయన వచ్చాడు. నా చొక్కా చూశాడు, వెనక యాదగిరి చొక్కా చూశాడు, కర్రలు దించేశాడు. నేను ఆగలేదు. నా రెండు కర్రలు నేనే కొట్టుకొని ముందుకు జరిగాను. తాళం నిజంగానే నడిచింది.

ఎదురుగా బావ. డెబ్భై దాటిన మనిషి, చెమటతో తడిసిపోయాడు. దించేసిన ఆ కర్రలను ఆయన కూడా చూశాడని ముఖంలో తెలుస్తోంది. చెయ్యి పైకెత్తి కొట్టాడు, నా వేళ్లు అదిరేలా. నేను మెల్లగా తగిలించాను.

"బువ్వ తిన్లేదా బామ్మర్దీ? గట్టిగ కొట్టు" అన్నాడు.

గట్టిగా కొట్టాను. వలయం తిరిగి తిరిగి ఆయన ఇంకో రెండుసార్లు నా ఎదుటికి వచ్చాడు. రెండుసార్లూ కొట్టాడు. ఇంటి ముందుకు చేరేసరికి నా కర్ర ఒకటి చీలింది. మిగతా ఆట అక్క ఇచ్చిన ఎర్ర కుచ్చుల కర్రతో ఆడాను.

రాత్రి పెళ్లయ్యాక భోజనాల దగ్గర బావ తనే గిన్నె పట్టుకొని మా ఇద్దరి విస్తర్లలో కూర వేశాడు. తిరుగు బస్సు సంగతి ఎత్తితే వినలేదు. వెళ్లబోతూ, గిన్నెలోకి చూస్తూ అన్నాడు. "లోపలి అర్రల మంచమొకటే ఉన్నది. సాలుతదా, ఇంకోటి ఎయ్యమంటవా?"

"సాలుతది బావా" అన్నాను.

బావలో ఏం మారిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇద్దరికీ మాటలు తక్కువ. మరునాడు బస్సులో చేతులు చూసుకుంటే వేళ్ల కణుపులు కమిలి ఉన్నాయి. యాదగిరి కొబ్బరినూనె రాశాడు. వాటి నొప్పి హాయిగా ఉంది. ఇన్నేళ్లు పెళ్లిళ్లలో సంచులకు కాపలా కాశాను. ఆ సంచులను ఎవరూ ఎత్తుకుపోరని ఇప్పుడు తెలిసింది. అందరూ కర్రలెత్తుతారని నేను చెప్పను, ఆ రోజు కూడా ఒకాయన ఎత్తలేదు. కాని నేను వలయంలోంచి బయటికి రాలేదు.

పోయేవాళ్లకు ఒక్క మాట. కోలాటం ఆడాలనుకుంటే వేలి ఉంగరాలు ముందే తీసేయండి, ఇంకో జత కర్రలు సంచిలో పెట్టుకోండి. గట్టిగా కొట్టేవాళ్లు ఎదురైతే ఒక జత సరిపోదు.