డీకన్ క్రెన్‌షాకు తగిన మాట

న్యూ గిలియడ్ బాప్టిస్టు సంఘానికి కార్యదర్శి కావడానికి వెర్లీన్ టగ్గిల్‌కు ఉన్న అర్హత ఒక్కటే, అందమైన దస్తూరి. అలబామాలో ఏడో తరగతితో బడి మానేసి పత్తిచేలో దిగిన మనిషి. ఉత్తరాదిన ఆక్రన్ పట్టణానికి వచ్చాక ఇరవై ఏళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. 1971లో పాత కార్యదర్శి చూపు మందగించి తప్పుకుంటే, పాస్టరుగారు సంఘం విందుకని వెర్లీన్ రాసిన వంటల జాబితా చూసి, మన పుస్తకం ఈ చేత్తోనే రాయించాలన్నారు.

మీటింగుల సంగతులు రాయడం పెద్ద పనేం కాదు. కష్టమల్లా సంతాప తీర్మానంతోనే. సంఘంలో ఎవరు పోయినా భూస్థాపన రోజున కార్యదర్శి లేచి తీర్మానం చదవాలి. ఒక్కో వాక్యం మెట్టు తరవాత మెట్టు ఎక్కినట్టు సాగాలి. అందులో మాటలు ఎంత బరువైతే పోయిన మనిషికి అంత మర్యాద. అర్థం తెలిసినా తెలియకపోయినా ప్రతి పెద్ద మాటకూ జనం ఆమెన్ అంటారు. బతికినన్నాళ్లూ తెల్ల మేస్త్రీ చేత ఒరేయ్ అనిపించుకున్న నల్లవాడికి చివరి రోజున దక్కే పట్టాభిషేకం అది. ఆ కాగితానికి అద్దం కట్టించి ఇంటివాళ్లు ముందుగదిలో తగిలించుకుంటారు.

అందుకని వెర్లీన్ పాత పుస్తకాల కొట్లో ఒక నిఘంటువూ, ఒక పర్యాయపదాల పుస్తకమూ కొనుక్కుంది. అట్టముక్కలు కోసి ఒకవైపు మాట, రెండోవైపు అర్థం, దాని కింద దాని చుట్టపు మాటలు రాసుకునేది. వాటిని మడత బల్ల అంచున గుచ్చి, దుప్పటికో మాట చొప్పున వల్లెవేసేది. దుప్పటి రెండో కొస పట్టుకునే జూనీకి అది వింతగా ఉండేది.

"ఏమే, దుప్పట్లకి పాఠాలు చెప్తున్నావా?"

"నీకంటే అవే నయం. మడిచి పెడితే నోరెత్తవు."

నెల తిరిగేసరికి జూనీయే అట్టముక్క చేతిలో పట్టుకుని ప్రశ్నలడగడం మొదలుపెట్టింది.

ఆ చలికాలం సంఘ పెద్దల్లో ఒకడైన డీకన్ ఏమోస్ క్రెన్‌షా పోయాడు. తీర్మానానికి రెండు రోజులే గడువు. అందరికీ తెలిసినవాడు అని రాయాలి. ఫేమస్ అంటే మరీ తేలికగా, రేడియోలో పాడేవాళ్ల సంగతిలా ఉంది. పర్యాయపదాల వరుసలో వేలు జరుపుకుంటూ పోతే చివర్లో నొటోరియస్ కనిపించింది. పలికితే నోరు నిండింది. నిఘంటువు తెరవలేదు. ఆక్రన్ అంతటా నొటోరియస్ అయిన మన డీకన్ అని ఆమె నిండు గొంతుతో చదివితే మందిరమంతా ఆమెన్ అంది. రెండో బెంచీలో కూర్చున్న రిటైరైన టీచరు మిస్ హార్టెన్స్ బ్లెడ్సో మాత్రం నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

మూడు వారాలకు డీకన్ భార్య లూవీనియా, న్యూస్‌పేపరులో చుట్టిన ఆ తీర్మానం పటంతో వెర్లీన్ గుమ్మంలో నిలబడింది. కాలేజీ నుంచి వచ్చిన మనవడు గోడ మీద కాగితం చదివి, తాతయ్య ఏం నేరం చేశాడని అడిగాడట.

"మా ఆయన ఎవరి సొమ్ము కాజేశాడమ్మా?" అంది లూవీనియా. గొంతులో కోపం లేదు. కోపమున్నా వెర్లీన్‌కు అంత బాధ ఉండేది కాదు.

అప్పుడు తెరిచింది నిఘంటువు. చెడ్డపనుల వల్ల పేరుపడ్డ, అని ఉంది. నిలబడే రెండుసార్లు చదివింది.

"ఇంకోటి రాస్తానక్కా."

"నువ్వు రాస్తావో, మిస్ బ్లెడ్సో రాస్తుందో శనివారం మీటింగులో తేలుస్తారంట."

"ఆవిడ రాస్తే తప్పుండదు. కానీ ఆయన పేరు పాడుచేసింది నేను. నన్నే బాగుచెయ్యనీ అక్కా. శనివారం చదువుతాను. నీకు నచ్చకపోతే సంఘం పుస్తకం ఆవిడకే ఇచ్చేస్తాను."

లూవీనియా పటం బల్ల మీద పెట్టి కూర్చుంది. కూర్చుందంటే సరేనన్నట్టే.

మర్నాడు లాండ్రీలో వెర్లీన్ అట్టముక్కలన్నీ పీకి బల్ల మీద పరిచింది. "ఇవన్నీ ఒకే మాటకి తొడిగిన వేరువేరు చొక్కాలనుకున్నానే జూనీ. కావు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు. ఒకడు పాస్టరు, ఒకడు పేకాటరాయుడు. ఎవణ్ణి పెళ్లికి పిలుస్తున్నామో చూసుకోవద్దూ?" అంది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకుంది. ప్రతి మాటకూ ముందు అర్థం రాయాలి. దాని కింద, ఆ అర్థానికి సరిపోయే, తను ఎరిగిన ఒక మనిషి పేరు రాయాలి. పేరు దొరకని మాట ఎంత గంభీరంగా ఉన్నా తీర్మానంలోకి రాకూడదు.

డీకన్ కోసం ముందు పుస్తకాలు తియ్యలేదు. లూవీనియా దగ్గరికి వెళ్లి, ఆయన రోజూ ఏం చేసేవాడో చెప్పమంది. చాలాసేపటికి గాని అసలు సంగతి రాలేదు. చలికాలమంతా ప్రతి ఆదివారం తెల్లారకముందే పైజామా మీద కోటు వేసుకుని వెళ్లి, మందిరం నేలమాళిగలో పొయ్యి రాజేసి వచ్చేవాడట. ఇరవై రెండేళ్లు. ఆరాధనకు వచ్చేసరికి బెంచీలు వెచ్చగా ఉండేవి. ఎవరు రాజేస్తున్నారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ పనిని చేతిలో పెట్టుకుని మాట వెతికింది. డిలిజెంట్ అన్నది పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టుల్లో అరిగిపోయిన మాట. పర్సిస్టెంట్ అంటే వదలకుండా వెంటపడేవాడు, ఇన్సూరెన్సు ఏజెంటు కూడా అంతే. అప్పుడు అసిడ్యుయస్ తగిలింది. విసుగు లేకుండా, మానకుండా, కనిపెట్టుకుని చేసేవాడు. దాని కింద ఏమోస్ క్రెన్‌షా అని రాసింది.

శనివారం మీటింగులో తీర్మానం చదువుతూ ఆ మాట దగ్గర ఆగింది. ఏ కార్యదర్శీ చెయ్యని పని చేసింది. కాగితం దించి, అర్థం కూడా చదివింది.

"తీర్మానం మధ్యలో పాఠం చెప్పడం మన ఆనవాయితీ కాదు, సిస్టర్ టగ్గిల్," అంది మిస్ బ్లెడ్సో.

"తెలుసు మేడమ్. అర్థం తెలియకుండా ఆమెన్ అనడమే మన ఆనవాయితీ. దాన్ని నమ్ముకునే ఒక మంచిమనిషిని దొంగల్లో కలిపాను."

ఆమె మళ్లీ కాగితం ఎత్తి పొయ్యి సంగతి చదివింది. వెనక బెంచీలో ఒక ముసలాయన, ఇన్నాళ్లూ ఏమోసేనా అని తనలో తను అనుకోవడం అందరికీ వినపడింది. ఆ గొంతు ఇప్పుడు లేదు, వెర్లీన్ గొంతూ లేదు. విన్నవాళ్లలో మిగిలినవాళ్లు అసిడ్యుయస్ అన్న మాటను ఇప్పటికీ ఆమె పలికినట్టే పలుకుతారు.

లూవీనియా లేచింది. "ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా." వెర్లీన్ చెప్పింది. ముసలామె రెండుసార్లు తడబడి మూడోసారికి సరిగ్గా పలికింది. "మా ఆయనే," అంది. "ఆ కాగితం నాకివ్వు. గోడకి పెట్టుకుంటాను."

పాస్టరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఈ తీర్మానాన్ని ఆమోదించి, ఇకపైన కూడా సిస్టర్ టగ్గిలే రాయాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. చేతులు లేచాయి. "ఏకగ్రీవం అని రాసుకో అమ్మా," అన్నారు.

వెర్లీన్ కలం కదల్లేదు. "రాయలేను పాస్టరుగారూ. ఒక చెయ్యి లేవలేదు. ఆ మాటకి అర్థం ఒక్కరు కూడా మిగలకూడదని."

ముప్పై ఏళ్లు పిల్లల చేత అర్థాలు అప్పజెప్పించుకున్న మిస్ బ్లెడ్సో కళ్లద్దాల మీంచి ఆమెను చూసింది. తరవాత చేతిసంచీ ఒళ్లోంచి పక్కన పెట్టి, చెయ్యెత్తింది.

"ఇప్పుడు రాయి," అంది.

వెర్లీన్ రాసింది.