టీ అయ్యేదాకా దిగకూడదు

ఆ రోజు తెల్లవారేసరికి ఉత్తరపు గాలి మొదలైంది. తొట్లలో నీళ్ళు పైన గడ్డకట్టాయి. గొడ్డలి వెనకవైపుతో మంచు పగలగొట్టుకుంటూ మేకల దొడ్డి చివరికి వెళ్ళేసరికి కంచె కింద కన్నం కనిపించింది. కయోటీలు తవ్వాయి. నక్కకీ తోడేలుకీ మధ్యరకం జంతువులవి, టెక్సాస్‌లో మా వైపు ఎక్కువ. ఈనడానికి సిద్ధంగా ఉన్న మేకని వెనకవైపు నుంచి తిన్నాయి. కడుపులో పిల్లని కూడా లాగేశాయి. ముందుభాగం చెక్కుచెదరలేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. దాన్ని పికప్ ట్రక్కులోకి ఎత్తి, కన్నానికి రాళ్ళు అడ్డం పెడుతుంటే ఫోను మోగింది. డాక్టరుగారి భార్య. ఆవిణ్ణి నేను వదినా అని పిలుస్తాను.

"మీ డాక్టరుగారు పోయారయ్యా. షెడ్డులో కత్తులు సానపడుతూ కూచున్న మనిషి, కూచున్నట్టే ఒరిగిపోయారు."

"ఇప్పుడే వస్తున్నా వదినా."

"పని సగంలో వదిలి రాకు. కంచె చూసుకునే రా. ఇక్కడింక తొందరేముంది?"

నేను కన్నం పూర్తిగా మూసి, మేకని పూడ్చి, చేతులు కడుక్కుని వెళ్ళాను.

డాక్టరుగారు మా కౌంటీ ఆసుపత్రిలో సర్జన్‌గా చేసి రిటైరయ్యారు. తెలుగువాళ్ళు ఎక్కువుండే ఇర్వింగ్ నగరం నుంచి పడమరగా ఒక పూట కారు ప్రయాణం మా ఊరు. నేను మేకలు పెంచడానికి ఇక్కడ నేల కొన్నప్పుడు, కంచె అవతల తెలుగు మాట్లాడే మనిషి ఉంటాడని అనుకోలేదు. ఆయనకి వేట నేర్పింది పశువుల రాంచ్ నడిపే ఒక ముసలాయన. ఆపరేషన్ చేసి బతికించినందుకు రైఫిల్ పట్టుకోవడం నేర్పాడట. రిటైరయ్యాక కూతురు ఇర్వింగ్ వచ్చేయమంటే, "అక్కడ నేను దేన్ని చూస్తూ కూచోవాలే, హైవేనా?" అని ఊరుకున్నారు.

ఆయన్ని మొదటిసారి దగ్గరగా చూసింది మా కుక్కని అడవిపంది చీల్చిన రోజు. అది పేగులు మట్టిలో ఈడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఆయన పికప్ వెనక తలుపు దించి దాన్ని పడుకోబెట్టారు. పేగుల్ని సెలైన్‌తో కడిగి, చిల్లు ఎక్కడైనా పడిందేమోనని వేళ్ళతో బెత్తెడు బెత్తెడు తడిమి, లోపలికి తోసి కుట్టారు. నేను తల పట్టుకున్నాను. కుక్క నా చెయ్యి కరిచింది.

"కరవనీ. దాని తర్వాత నీకూ కుట్లు వేస్తాలే," అన్నారు తలెత్తకుండా.

కుక్క బతికింది. నాకూ కుట్లు పడ్డాయి.

తర్వాత నుంచి నవంబరులో జింకల వేట మొదలవగానే నన్ను కూడా తీసుకెళ్ళేవారు. ఆయనకి మెస్కీట్ చెట్ల మధ్య ఒక మంచె ఉంది. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మే, ముల్లు కూడా అదే. మంచె అన్నా నాలుగు గుంజల మీద చిన్న చెక్కగది. తూటా పేల్చాక ఆయన దాని మీద నుంచి దిగేవారు కాదు. మిగిలిన తూటాలు తీసి జేబులో వేసుకుని, ఫ్లాస్కు మూత విప్పేవారు. వదిన అల్లం దంచి వేసి కాచిన టీ. ఊదుకుంటూ తాగేవారు. నేను కిందికి తొంగి చూస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు.

"దెబ్బ తగిలినవాడు కాస్త దూరం పోయి పడుకుంటాడయ్యా. మనం కదలకపోతే పడుకున్నచోటే ప్రాణం పోతుంది. వెంటపడ్డామా, లేచి ఒంట్లో నెత్తురున్నంతసేపూ పరిగెడతాడు. ఊపిరితిత్తుల్లో తగిలితే ఒక కప్పు. పొట్టలో తగిలితే ఫ్లాస్కంతా తాగి, ఇంటికెళ్ళి భోంచేసి రావాలి. టీ అయ్యేదాకా దిగకూడదు."

మగజింకని ఆయన ఎప్పుడూ వాడు అనేవారు. ఆడజింకైతే ఆవిడ.

సాయంత్రాలు వేట ఛానెల్ పెట్టుకుని తిట్టేవారు. నాకా తిట్లు వినడం సరదా. తెర మీద ఒకతను కొత్త బట్టల్లో కూచుని గుసగుసగా మాట్లాడతాడు. కొమ్ములున్న జింక వస్తుంది, తుపాకీ పేలుతుంది, ఒకరినొకరు వాటేసుకుంటారు. వెంటనే చచ్చిన జింక పక్కన మోకాళ్ళ మీద కూచుని నవ్వుతుంటాడు.

"చూడు, నాలుక లోపలికి తోశారు. మూతి తుడిచారు. కాళ్ళు కిందికి మడిచారు, కునుకు తీస్తున్నాడనుకోవాలి మనం. పేలిన చోటికీ ఈ నవ్వుకీ మధ్య ఏమైందిరా? అది చూపించు."

వంటింట్లోంచి వదిన అరిచేది. "అంత ఒళ్ళుమండేదాన్ని చూడ్డమెందుకండీ?"

"ఎవడో ఒకడు చూసి తిట్టాలి కదే."

ఒకసారి నాతో మామూలుగా అన్నారు: "టీవీలో జింక పడుతుంది. ఇక్కడ చస్తుంది. చావడానికి టైము పడుతుంది."

అలాంటి షో వాళ్ళే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. జింకల్ని వేటాడే ఇండియన్ సర్జన్ అంటే కొత్తగా ఉంటుందని వాళ్ళకి ఎవరో చెప్పారట. వచ్చినవాళ్ళు ఇద్దరే, హోస్టూ కెమెరామనూ. డాక్టరుగారు ఒక్క షరతు పెట్టారు. తుపాకీ పేలాక ఏం జరిగితే అది చూపించాలి, టీ తాగడంతో సహా. హోస్టు నవ్వి, "ష్యూర్ డాక్, టీయే కదా," అని చెయ్యి కలిపాడు. డాక్టరుగారు ఆ చేతిని నమ్మారు. టీవీలో ఒక్కసారైనా సరిగ్గా చూపిస్తారని ఆయనకి నిజంగానే ఆశ ఉంది. ముందురోజు మంచె మెట్లకి కొత్త మేకులు కొట్టుకున్నారు.

ఆ రోజు ముగ్గురూ మంచె మీద ఉన్నారు. నేను వాగు అవతల పికప్‌లో ఉన్నాను. మంచె మీద జరిగింది ఆయన చెప్పినదే. పొద్దున్నే ఒక పడుచు మగజింక వచ్చి చాలాసేపు మేసింది. డాక్టరుగారు దాన్ని చూసి నవ్వి, "ఎంత బావున్నాడో చూడండి," అని ఇంగ్లీషులో అన్నారు. ఇంకా వయసు రాలేదని వదిలేశారు. పొద్దు వాలేవేళ పెద్దది వచ్చింది. హోస్టు కాల్చాడు. జింక నడుం వంచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ గడ్డిలోకి పోయింది.

"పొట్టలో తగిలింది. కూచోండి," అన్నారు డాక్టరుగారు.

హోస్టు అప్పటికే లేచి కేకలు పెడుతున్నాడు. కెమెరా వైపు పిడికిలి ఊపుతున్నాడు.

"అరవకండి. వాడింకా వింటున్నాడు."

ఆయన ఫ్లాస్కు తీశారు. హోస్టు గడియారం చూశాడు, ఆకాశం చూశాడు. "డాక్, వెలుతురు పోతోంది. మీరు టీ తాగుతూ కూచుంటే నా షోకి ఏం మిగులుతుంది?" అని మెట్లు దిగిపోయాడు. కెమెరామన్ ఒకసారి డాక్టరుగారి ముఖం చూసి, హోస్టు వెనకే దిగాడు.

తర్వాతది నేను చూశాను. వాళ్ళు గడ్డిలో అడుగు పెట్టగానే జింక లేచింది. పొట్టలోంచి పేగు జారి మెస్కీట్ ముల్లుకి తగులుకుంది. అది ఆగలేదు. పేగు సాగి సాగి తెగింది. వాగులోకి దూకి, నా పికప్ ముందు నుంచి, పాయలా వేలాడే మిగతా పేగు కాళ్ళకి చుట్టుకుంటుంటే తన్నుకుంటూ పరిగెత్తింది. నా బానెట్ మీద నెత్తురూ పచ్చటి పసరూ పడ్డాయి. ఆ వాసన ఇప్పటికీ చెప్పగలను.

చీకటి పడ్డాక హోస్టు సామాను సర్దుకున్నాడు. రేపు ఇంకో రాంచ్‌లో కంచె లోపల పెంచిన జింక ఉంది, దాన్ని కొట్టి ఆ వీడియోని దీనికి అతికిస్తామన్నాడు.

"మరి ఇక్కడున్నవాడు?" అన్నారు డాక్టరుగారు.

"ఈపాటికి ఎక్కడో చచ్చే ఉంటాడులే, డాక్."

మర్నాడు తెల్లవారగానే మేమిద్దరం వెతకడం మొదలుపెట్టాం. ఆయన వంగి నెత్తురు చుక్కల కోసం ఒక్కొక్క ఆకూ తిప్పి చూశారు. మధ్యాహ్నానికి వాగు మలుపులో ఎండిన చెట్టు నిండా రాబందులు కనిపించాయి. కొమ్మల మీదే కూచున్నాయి. నేను చచ్చిపోయిందన్నాను.

"చస్తే అవి కిందుండేవి. వాడు బతికే ఉన్నాడు," అని ఆయన పరిగెత్తారు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం అదొక్కసారే చూశాను.

కయోటీలు ఒక తొడని ఎముక దాకా తినేశాయి. జింక ముందుకాళ్ళతో నేల గీరుకుంటూ తల ఎత్తింది. కాల్చడానికి వీల్లేదు, వెనకంతా రాతిగట్టు, తూటా మా మీదికే తిరిగొస్తుంది. ఆయన దాని మెడ మీద మోకాలు వేసి, అరచేత్తో కన్ను మూసి, గొంతులో కత్తి దించారు. అది తల విదిలించింది. కొమ్ము ఆయన ముంజేతిని చీల్చింది. ఆయన చెయ్యి తియ్యలేదు. కాళ్ళు తన్నుకోవడం ఆగేదాకా అలాగే ఒరిగి ఉన్నారు. లేచేసరికి చొక్కా మీద నెత్తురు ఎవరిదెంతో తెలియలేదు. మాంసం పనికిరాకుండా పోయింది. ఆ మాట రెండుసార్లు అన్నారు.

షో వచ్చింది. హోస్టు కాల్చడం, వాటేసుకోవడం, ఆ వెంటనే మూతి తుడిచిన వేరే జింక. దాని వెంటే, పొద్దున తీసిన డాక్టరుగారి నవ్వుముఖం, ఆయన గొంతు: "ఎంత బావున్నాడో చూడండి."

ఆయన టీవీ కట్టేశారు. మళ్ళీ ఆ ఛానెల్ పెట్టలేదు, తిట్టలేదు. వేరే పని మొదలుపెట్టారు. షో చూశామని ఎవరు మెచ్చుకున్నా, వాళ్ళని కూచోబెట్టి జరిగిందంతా చెప్పడం. దాణా కొట్లో చెప్పారు, బ్యాంకులో చెప్పారు. ఇర్వింగ్‌లో ఒక బర్త్‌డే పార్టీలో ఒక ఇంజినీరు కుర్రాడు, "అంకుల్, మీరు సెలబ్రిటీ అయిపోయారు! ఒక సెల్ఫీ ప్లీజ్," అన్నాడు.

"కూచో నాయనా. పేగు ఎక్కడ తగులుకుందో చెప్తా."

కుర్రాడు బిరియానీ ప్లేటు పక్కన పెట్టేశాడు. ఆయన కూతురు, "డాడ్, నాట్ ఎట్ ద టేబుల్!" అని తన ప్లేటు తీసుకుని ఇంకో గదిలోకి పోయింది. ఆయన మొదలుపెట్టినప్పుడల్లా ఆ అమ్మాయి లేచిపోయేది. చివరిదాకా ఎప్పుడూ వినలేదు.

ఫ్యునరల్ హోమ్‌లో తెర మీద ఫోటోలు వెయ్యడానికి ఏర్పాటు చేశారు. ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి ఆ షో ముక్క కూడా వేస్తానంది. వదిన చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"అది వేస్తే పెట్టెలోంచి లేచొచ్చి తిడతారే."

"అమ్మా, డాడ్ నవ్వుతూ మాట్లాడింది ఇంకెక్కడా లేదు. నేనెప్పుడూ రికార్డ్ చెయ్యలేదు. నా దగ్గర ఆ వాయిస్ ఒక్కటే ఉంది."

"అది ఆయనకి అబద్ధమే."

"తెలుసమ్మా. కానీ వాయిస్ ఆయనదే కదా?"

వదిన నా వైపు తిరిగింది. "వెయ్యనీ. అవగానే నువ్వు లేచి మిగతాది చెప్పు. ఆయన చెప్పినట్టే చెప్పు. పేగులు వదిలెయ్యకు."

నాది మేకల బేరానికి సరిపోయే ఇంగ్లీషు. దాంతోనే చెప్పాను. ముందు వరసల్లో ఇర్వింగ్ వాళ్ళు, వెనక ఊరివాళ్ళు. వెనకవాళ్ళకి కథ తెలుసు. రాబందుల దగ్గరికి వచ్చేసరికి దాణా కొట్టు ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మాయి వదిన పక్కన కూచుంది. కత్తి దించేదాకా వచ్చాను. తను లేవలేదు. ముంజేతి గాయం గురించి చెప్పినప్పుడు తల్లి వైపు తిరిగి, "కంచె గీసుకుందని కదా నాకు చెప్పారు?" అంది. అందరికీ వినపడింది.

మర్నాడు ఆ చోటు చూపించమంది. వాగు మలుపులో ఏమీ లేదు. మా వైపు పందులు ఎముకలు కూడా మిగల్చవు. అమ్మాయి ఫోనులో ఆ ముక్క పెట్టింది. రాతిగట్టుకి తగిలి ఆయన గొంతు కొంచెం పెద్దదిగా వినిపించింది.

"అంకుల్, డాడ్ అది ఏ జింక గురించి అన్నారు?"

"పొద్దున వచ్చినవాడి గురించమ్మా. చిన్నవాడు. వదిలేశారు."

"అంటే బతికే ఉన్నాడా?"

"ఆ రోజు బతికే వెళ్ళాడు."

అమ్మాయి రాయి మీద కూచుని, వేలితో ఆ వీడియో ముందూ వెనకా కత్తిరించింది. హోస్టు పోయాడు, చచ్చిన జింక పోయింది. ఆయన ముఖమూ ఆ ఒక్క మాటా ఉంచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళు ఇర్వింగ్ బయల్దేరారు. అమ్మాయి డ్రైవ్ చేసింది. వదిన పక్కన కూచుంది, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని. గేటు నేను వేశాను.