బుధవారం బోటు

సునామీ నీళ్లకు ఈ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో మా తెలుగు చర్చి పక్కనున్న హాలు కూలిపోయింది. ఆ రోజుల్లో కమిటీ కబుర్లన్నీ నేనే కాగితం మీద రాసి, ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించేదాన్ని. "అక్క రాసిందంటే పని అయినట్టే" అనేవారు. రేకుల షెడ్డులోనే ఏళ్లు గడిచాయి. చివరికి పక్కా హాలు పని మొదలయ్యేసరికి అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ నుంచి బదిలీ మీద వచ్చిన ఓ నర్సు, మా తెలుగమ్మాయే, పని కోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, కమిటీవాళ్లు అంతా అందులోనే. నేను పొద్దున్నే కూర్చుని, తప్పు లేకుండా పేరాలు పేరాలు రాసేదాన్ని. హిందీ బళ్లలో చదివిన కుర్రాళ్లకి తెలుగు చదవడం కష్టం. ఎవరూ పలికేవారు కాదు. ఆమె మాత్రం డ్యూటీకి వెళ్తూ ఫెర్రీ ఇంజను చప్పుడులోంచే, సగం హిందీలో, "భయ్యా, కల్ సిమెంటు వస్తాది, ఇద్దరు రండి, అంతే, బస్" అని వాయిస్ పెడితే చాలు, బొటనవేళ్లు వరసగా లేచేవి. వాటిని లెక్కపెట్టేదాన్ని. పొయ్యి మీద కూర మాడుతున్నా లెక్కపెట్టేదాన్ని.

తలుపులూ కిటికీలూ డిగ్లీపూర్‌లో ఓ ముసలి వడ్రంగి చేశాడు. ఆయన తెలుగులో రాసిన కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు: బుధవారం బోటులో సరుకుతో వస్తున్నాను, ఫీనిక్స్ బే జెట్టీకి మనుషుల్ని పంపండి. ఆమె అది చదివి వాయిస్ పెట్టింది. "గురువారం బోటంట. నలుగురు రెడీగా ఉండండి."

తప్పు నాకు వెంటనే కనబడింది. సరిదిద్దుదామని టైపు చేయడం మొదలుపెట్టాను కూడా. అప్పటికే పదకొండు బొటనవేళ్లు. ఫోను బోర్లించి, బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయాను.

బుధవారం వాన. ముసలాయన ఫోన్లో చార్జింగు అయిపోయింది. సాయంత్రం ఓ కూలీని ఫోను అడిగి మేస్త్రీకి చేసేదాకా, తెచ్చుకున్న దుప్పటీ, ఆఖరికి ఒంటి మీది చొక్కా కూడా తలుపుల మీద కప్పి జెట్టీలోనే కూర్చున్నాడట.

"గల్తీ నాదే. సరిగ్గా చదవలేకపోయాను, మాఫ్ చేయండి" అని ఆమె ఏడుస్తూ వాయిస్ పెట్టింది. పర్లేదు దీదీ, ఏడవకు దీదీ అని అందరూ. తప్పు చేసినా ఓదార్పు ఆమెకే! సిగ్గు కన్నా ముందు నాకు ఆ మంటే వచ్చింది.

తర్వాత ఆ చొక్కా సంగతి గుర్తొచ్చి కంచం ముందునుంచి లేచిపోయాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను పక్కకి పిలిచాను.

"నేను ముందే చూశాను. కావాలనే చెప్పలేదు."

"నా మీద కోపముంటే నాతో దెబ్బలాడాల్సింది అక్కా. ఆ తాత ఏం చేశాడు?"

ఆయనకూ ఫోన్ చేసి చెప్పాను. "ఒక తలుపు ఉబ్బిందమ్మా, చిత్రిక పట్టాలి" అన్నాడంతే. గ్రూపులో చెప్పమని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత తెలుగు కాగితం ఏదొచ్చినా ఆమె నాకే పంపేది. నేను చదివి వాయిస్ పెట్టేదాన్ని.

హాలు తెరిచిన రోజు పాస్టరుగారు ఆమెను ముందుకు పిలిచి శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. లోపల మాత్రం మండుతూనే ఉంది.